ఎడమ జడ, కుడి జడ

జులై 2, బుధవారం

నేను పనిచేసే షెడ్డులో ఎవరూ వాడని పాత టెస్టు రిజిస్టరు ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. ఇందులో జుట్టు సంగతి రాయాలి. ఇంకేమీ రాసే ఉద్దేశం లేదు.

మంజూషకు తొమ్మిదేళ్లు. జుట్టు నడుము దాకా ఉంటుంది. వాళ్లమ్మ సంగీత పోయి ఇవాళ్టికి నాలుగు నెలల ఇరవై రోజులు. అప్పటి నుంచి మంజు తల నా చేతిలో పడింది. సంగీత ఉన్నప్పటి పద్ధతే నడుపుతున్నాను, ఆదివారం ఒకసారి, బుధవారం ఒకసారి తలస్నానం. ఆదివారం డాబా మీద ఆరిపోతుంది. బుధవారం ఏడున్నరకే బడి ఆటో వస్తుంది. అందుకని తడి మీదే రెండు జడలు అల్లి, మడిచి రిబ్బన్లు బిగించి పంపుతున్నాను. సాయంత్రం విప్పితే లోపల ఇంకా తడే. ముక్కిపోయిన వాసన.

ఇవాళ క్లాస్ టీచరు చీటీ పంపింది. "దయచేసి పాప తల ఆరబెట్టి పంపగలరు." తిట్టినా బాగుండేది. అంత మర్యాదగా రాస్తే ఒళ్లు మండుతుంది.

జులై 6, ఆదివారం

అత్తమ్మ జనగామ నుంచి వచ్చింది. చెప్పులు విప్పగానే మంజును ముందు కూర్చోబెట్టుకుని జడలు విప్పింది. కొసలు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూసింది. నా వైపు తిప్పి పట్టుకుంది.

"గీ కొసలు సూడు. చీపురు పుల్లలు నయం."

నేను చూశాను. కొసలు ఎర్రబడి చీలిపోయి ఉన్నాయి. చీపురు పుల్లలంత అధ్వాన్నంగా అయితే లేవు.

"ఆడపిల్ల తల ఆడదాని చేతుల ఉండాలె దినేశూ. దసరా సెలవుల దాన్క సూస్త. గప్పటికి సుత గిట్లనే ఉంటే తీస్కపోయి జనగామ బడిల ఏస్త."

"నేను చూసుకుంటున్న కదా అత్తమ్మా."

"ఏం సూస్కుంటున్నవ్? నా బిడ్డ పోయిన్నాడు సుత నీ కంట్ల చుక్క నీళ్లు రాలే. నీకు దేనికి ఫికరుంది?"

మా అత్తమ్మ చిలకమ్మ నోరు అంతే. మంజు మాత్రం ఎక్కడికీ పోదు. ఇది నా ఇల్లు, అది నా బిడ్డ. కొసలే కావాలంటే కొసలే బాగుచేసి చూపిస్తాను.

జులై 9, బుధవారం

అమీర్‌పేటలో హెయిర్ డ్రయర్ కొన్నాను. డబ్బా మీద ఏవేవో రాశారు, సిల్కు అట, మెరుపు అట. సనత్‌నగర్ షెడ్డులో పదమూడేళ్లుగా హీటర్ కాయిల్స్ పరీక్షిస్తున్నవాడికి డబ్బా మీద రాతలు చెప్పకండి. షెడ్డుకు తీసుకుపోయి మీటరు పెట్టి చూశాను. నాలుగు వేళ్ల దూరంలో నూటపది డిగ్రీలు. జానెడు దూరంలో డెబ్బై. జానెడు ఖాయం చేశాను.

పక్క బల్ల మీది సారయ్య అడిగాడు, "ఎవరి కోసం భాయ్?" అని. టెస్టింగుకు వచ్చిందన్నాను.

జులై 13, ఆదివారం

ఆలోచిస్తే ఇది చాలా తేలిక. రెండు జడలు ఉన్నాయి కాబట్టి రెండు నమూనాలు ఉన్నట్టే. ఎడమ వైపు గాలికి ఆరాలి. కుడి వైపు డ్రయర్ మిషన్‌తో ఆరాలి. నూనె అదే, షాంపూ అదే, దువ్వెన అదే. పది వారాల తర్వాత ఏ కొసలు చీలాయో చూస్తే తప్పు ఎక్కడుందో తేలిపోతుంది. అత్తమ్మకు కాగితం మీద చూపించవచ్చు.

మంజుకు చెప్పాను.

"రెండు దిక్కుల మిషన్ పెట్టొచ్చు కద డాడీ."

"టెస్టు."

"ఎన్ని రోజులు?"

"దసరా దాకా."

ఇంకేం అడగలేదు. మా ఇద్దరి మధ్యా మాటలు ఎక్కువ ఖర్చు కావు. అది మంచిదే, ఇల్లు ప్రశాంతంగా ఉంది.

జులై 16, బుధవారం

అయిదింటికి లేపాను. అయిదుంపావుకు తలస్నానం. ఎడమ వైపు ఫ్యాను కింద ఏడుంపావు దాకా వదిలేశాను. కుడి వైపు మిషన్ ఆరు నిమిషాలు. గడియారం పెట్టుకుని చేశాను.

మిషన్ మోత మా రెండు గదులకు ఎక్కువే. మాటలు వినపడవు. అద్దంలో చూస్తే మంజు పెదవులు కదులుతున్నాయి. ఎక్కాలు చదువుకుంటోంది. ఇంటిపని ఆ రకంగా అయిపోతే నాకు లాభమే.

జులై 20, ఆదివారం

వాన. డాబా లేదు. ఎడమ వైపు ఆరడానికి మూడున్నర గంటలు పట్టింది. వేరే విశేషాలు లేవు.

జులై 23, బుధవారం

మిషన్ ఆరు నిమిషాలు. వేరే విశేషాలు లేవు.

జులై 30, బుధవారం

సాయంత్రం జడలు విప్పితే ఎడమ కొస తడిగా ఉంది. పొద్దున పూర్తిగా ఆరాకే అల్లాను, నాకు బాగా గుర్తు. గాలిలో తేమ పీల్చుకుందేమో. గాలికి ఆరబెట్టడంలో ఇది లోపం అని రాసుకోవాలి.

ఆగస్టు 1, శుక్రవారం

తలస్నానం రోజు కాదు. వాన లేదు. ఇవాళ కుడి కొస కూడా తడిగా ఉంది. ఇది అర్థం కాలేదు.

ఆగస్టు 6, బుధవారం

షెడ్డు నుంచి భూతద్దం తెచ్చాను. ఒక్కో జడ నుంచి ఇరవై వెంట్రుకల కొసలు చూశాను. ఎడమ ఏడు చీలాయి. కుడి ఎనిమిది చీలాయి. ఒక వెంట్రుక తేడా అంటే తేడా కాదు. ఇంకా వారాలు ఉన్నాయి. మిషన్ తప్పు మెల్లగా బయటపడుతుంది.

మంజు కదలకుండా కూర్చుంది. ఎంతసేపైనా కూర్చుంటుంది. సంగీత దువ్వితే నిమిషానికోసారి లేచి పరిగెత్తేది, ఇల్లంతా లొల్లి. ఇప్పుడు బుద్ధి వచ్చింది.

ఆగస్టు 12, మంగళవారం

ఆరో మాసికం. వంట అత్తమ్మ చేసింది. కాకికి పెట్టాను. వెంటనే వచ్చి తిన్నది. అందరూ అటు తిరిగి కళ్లు తుడుచుకున్నారు. నేను గిన్నెలు కడిగాను.

సారయ్య అందరూ వెళ్లాక నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఒక్కసారి ఏడ్వు భాయ్. లోపల పెట్టుకుంటే మంచిది కాదు." ఏడుపు రావాలి కదా. తుమ్మమంటే తుమ్ముతామా? నాకేం కాలేదు. తింటున్నాను, నిద్రపోతున్నాను, షెడ్డులో ఒక్క కాయిల్ తప్పు పోలేదు.

ఆగస్టు 17, ఆదివారం

మంజును వెంటబెట్టుకుని రేషన్ దుకాణానికి పోయాను. కార్డులో ఉన్నవాళ్లందరి వేలిముద్రలు కావాలట. సంగీత పేరు చదివి ఈమె ఏదని అడిగాడు. ఊరికి పోయింది అన్నాను. వెనక ఇంత లైను ఉంటే అక్కడ వివరాలు చెబుతూ నిలబడతామా? మళ్లీ వస్తామని చెప్పి వచ్చేశాం.

ఎడమ వైపు రెండు గంటలు, కుడి వైపు ఆరు నిమిషాలు.

ఆగస్టు 27, బుధవారం

వినాయక చవితి. ఈ ఏడు మాకు పండగలు లేవు. గల్లీ చివర మైకు పొద్దున్నే మొదలైంది. ఆ మోతలో మిషన్ మోత కూడా కలిసిపోయింది. ఆరు నిమిషాలు కాగానే ఆపాను.

"ఇంకొంచెం సేపు పెట్టు డాడీ."

"ఆరిపోయింది."

"అయినా పెట్టు."

వేడి దానికి ఇష్టంలా ఉంది. టెస్టు పాడవుతుందని పెట్టలేదు.

సెప్టెంబర్ 3, బుధవారం

ఎడమ పదకొండు. కుడి పదకొండు.

నా తల ప్రాణం తోకకొచ్చింది. ఒకటి గాలికి, ఒకటి నిప్పుకు. రెండూ ఒకేలా ఎలా చీలతాయి? పైగా రెండింటిలోనూ కింది రెండంగుళాలే పాడైంది, పైన నున్నగా ఉంది. దసరా సెలవులు పద్దెనిమిది రోజుల్లో. అత్తమ్మ ముందు ఏ మొహం పెట్టుకుని ఈ రిజిస్టరు తెరవాలి?

సెప్టెంబర్ 7, ఆదివారం

మంజును పంజాగుట్టలో ఒక బ్యూటీ పార్లర్‌కు తీసుకుపోయాను. ఆడవాళ్ల పార్లరు. తలుపు దగ్గర చెప్పులు చూసుకుంటూ కాసేపు నిలబడ్డాను. రాగసుధ అని ఒకావిడ, రాజమండ్రి వైపు మనిషి, లోపలికి రమ్మంది. ఆ పక్క వీధిలోనే సంగీత పనిచేసిన చీరల దుకాణం. అటు వైపు నుంచి వెళ్లలేదు. ఈ దారి దగ్గర.

నేను టెస్టు సంగతంతా చెప్పాను. డిగ్రీలు, నిమిషాలు, అంకెలు. ఆవిడ విని నవ్వు ఆపుకుంది.

"మగవాళ్లు జుట్టుకి రిజిస్టరు పెట్టడం ఇదే చూడ్డమండీ. జానెడు దూరంలో, కదుపుతూ పెడితే ఏమీ కాదు. తడిగా గంటల తరబడి బిగించి ఉంచినా జుట్టు పాడవుతుంది. మీ పద్ధతి రెండు వైపులా బాగానే ఉంది."

"మరి కొసలు?"

ఆవిడ లైటు దగ్గరికి లాగి రెండు జడల కొసలు పక్కపక్కన పెట్టింది. నన్ను భూతద్దంలోంచి చూడమంది.

"వేడికి పాడైన వెంట్రుక ఎండిపోయి, తెల్ల చుక్క పడి, అక్కడ పుటుక్కున తెగుతుందండీ. ఇది తెగలేదు, నలిగింది. చూడండి, ఎలా చప్పిడి అయిపోయిందో. ఇది వేడి పని కాదు, గాలి పని కాదు. పళ్ల పని. పాప కొసలు నములుతోందండీ."

మంజు అద్దంలో నా వైపు చూడలేదు. దాని ఒళ్లో చేతుల వైపు చూసుకుంటోంది.

"నములుతున్నవా?" అన్నాను.

"ఊ."

"ఎప్పటి సంది?"

భుజాలు ఎగరేసింది.

ఎనిమిది వారాలు. అయిదింటికి లేవడం, గడియారం, భూతద్దం. తడి కొసలు రెండుసార్లు నా చేతికే తగిలాయి. నేను గాలిలో తేమ అని రాసుకున్నాను.

రాగసుధ మెల్లగా అడిగింది. "వాళ్లమ్మగారు గమనించలేదా అండీ?"

"ఊరికి పోయింది" అన్నాను.

అప్పుడు మంజు తలెత్తి నన్ను చూసింది. చాలాసేపు చూసింది.

అలా ఎందుకన్నానో తెలియదు. దారిన పోయే ప్రతివాళ్లకూ చెప్పాల్సిన పని లేదు కదా.

కింద నాలుగు అంగుళాలు తీసేస్తే మళ్లీ చక్కగా వస్తుందని రాగసుధ కత్తెర తీసింది. మంజు రెండు కొసలూ రెండు గుప్పిళ్లలో పట్టేసుకుంది. వేళ్లు విప్పమంటే విప్పలేదు. ఏడవలేదు, మొండికేయలేదు. ఊరికే పట్టుకుని కూర్చుంది. వద్దులెండి అని వచ్చేశాం.

సెప్టెంబర్ 8, సోమవారం

జుట్టు నెలకు అరంగుళం పెరుగుతుందని రాగసుధ చెప్పింది. ఫిబ్రవరి నుంచి ఇప్పటికి ఏడు నెలలు. మూడున్నర అంగుళాలు. అంటే తల దగ్గర మూడున్నర అంగుళాలే నా చేతిలో పెరిగింది. దాని కింద ఉన్నదంతా సంగీత నూనె రాసిన జుట్టు. కొసలు అన్నిటికంటే పాతవి. కొసలు సంగీత చేతిలో నాలుగైదేళ్లు

లెక్క ఇక్కడ ఆపాను.

సెప్టెంబర్ 10, బుధవారం

మంజు ఇంటిపని చేసుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను. ఎడమ కొస నోట్లో. తీయమన్నాను. తీసింది. కాసేపటికి కుడి కొస. తీయమన్నాను. తీసింది. నాలుగోసారి నేను చెప్పడం మానేశాను.

బడి ఎలా ఉంది అన్నాను. బాగుంది అంది.

సెప్టెంబర్ 13, శనివారం

అత్తమ్మకు ఫోన్ చేశాను. "మీరు చెప్పిందే నిజం. నాతోని అయితలేదు. సెలవులకు వచ్చి తీస్కపోండి" అన్నాను.

అరుస్తుందనుకున్నాను. నే చెప్పలేదా అంటుందనుకున్నాను. అవేం లేవు. "ఇరవై ఒకటి అమాస. అమాస నాడు పిల్లను కదపొద్దు, తలంటొద్దు. సోమవారం వస్త" అని పెట్టేసింది.

నిర్ణయం అయిపోయింది. మంచిదే. బిడ్డ వెంట్రుకలు తింటోందంటే ఇక్కడ దానికి ఏదో లేదు. అది అక్కడ ఉంటుంది. నాకు ఇంటి దగ్గర పని తగ్గుతుంది, ఆదివారాలు కూడా షెడ్డుకు పోవచ్చు. రాసింది చదివితే అంతా సరిగ్గానే ఉంది. చెయ్యి మాత్రం అన్నం కలిపి ఊరికే కూర్చుంది.

సెప్టెంబర్ 14, ఆదివారం

మంజుకు చెప్పాను. "సరే" అంది. ఏమైనా అడుగుతుందేమోనని కాసేపు నిలబడ్డాను. టీవీ పెట్టుకుంది.

సెప్టెంబర్ 17, బుధవారం

బట్టలు సర్దాం. యూనిఫాం పెట్టాలా వద్దా తెలియక పెట్టాను.

"మిషన్ సుత పెట్టు డాడీ."

"ఆడ వాకిట్ల మంచిగ ఎండ వస్తది. అమ్మమ్మ ఎండల ఆరబెడ్తది. మిషనెందుకు?"

"మిషన్ లేకపోతే ఎట్ల?"

"జుట్టు ఎండకే మంచిగుంటది బిడ్డా."

పిల్లలకు వస్తువుల మీద మమకారం ఎక్కువ.

సెప్టెంబర్ 21, ఆదివారం

పెత్తరమాస, పెద్దల పేరు మీద బియ్యమిచ్చే అమావాస్య. ఏడాది తిరగలేదు కాబట్టి సంగీత పేరు మీద బియ్యం ఇవ్వాలో వద్దో తెలియలేదు. ఎవరిని అడగాలో తెలియలేదు. ఇవ్వలేదు.

కింద గల్లీలో బతుకమ్మ ఆడుతున్నారు. కిటికీ మూశాను. మంజు మళ్లీ తెరిచింది. ఇద్దరం నిలబడి చూశాం.

సెప్టెంబర్ 22, సోమవారం

సాయంత్రం ఏడు కావస్తోంది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున పదింటికి మంజుకు తలంటాను. టెస్టు ముగిసింది కాబట్టి ఇవాళ రెండు వైపులా మిషనే అన్నాను. దాని మొహం వెలిగింది. అద్దం ముందు ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంది. కుడి వైపు అయింది, ఎడమ వైపు మొదలుపెట్టాను. పెదవులు కదులుతున్నాయి, ఆగకుండా, చాలా వేగంగా. ఏ ఎక్కం ఇంత పొడుగని నేను మనసులో అనుకుంటున్నాను.

మిషన్ ఆగిపోయింది. వెనక గాలి పీల్చే జాలీలో తువ్వాలు పీచు, వెంట్రుకలు నిండిపోయి గాలి ఆడక, లోపల వేడెక్కి దానంతట అదే ఆగింది. వచ్చిన ప్రతి హీటరుకూ జాలీ తుడుచుకోండని కొనే పార్టీలకు క్లాసు పీకేవాణ్ణి నేను. సొంత మిషన్ జాలీ రెండున్నర నెలల్లో ఒక్కసారి కూడా చూడలేదు.

మోత పోయింది. మంజు గొంతు పోలేదు. అది ఎక్కం కాదు.

"డాడీకి ఇంకా తెల్వలే మమ్మీ. ఒక్కసారి సుత ఏడ్వలే. అందరికి ఊరికి పోయిందనే చెప్తుండు. నేను జనగామకు పోయినంక నువ్వే చెప్పాలె."

అప్పుడు దానికి మోత లేదని తెలిసింది. ఎడమ వైపు తడి కొస నోట్లో పెట్టుకుంది.

నేను మిషన్ పట్టుకుని అలాగే నిలబడ్డాను. తర్వాత నేల మీద కూర్చున్నాను.

"ఎప్పటి సంది మాట్లాడుతున్నవ్ బిడ్డా?"

"మిషన్ కొన్నప్పటి సంది."

"ఎడమ దిక్కు ఆరేటప్పుడు?"

"అప్పుడు నువ్వు ఇంటవ్ కద." నోట్లోది బయటికి తీసింది. "అప్పుడు ఇది పెట్టుకుంట." కొస చూపించింది.

నేను వారాల తరబడి కష్టపడి పెట్టిన టెస్టు ఇది. ఎడమ వైపు నా బిడ్డ నోరు మూసుకుని వెంట్రుకలు నమిలింది. కుడి వైపు ఆరు నిమిషాలు వాళ్ల అమ్మతో మాట్లాడింది. ఇంకొంచెం సేపు అంటే నేను గడియారం చూపించాను.

"నాకు తెలుసు మంజూ" అన్నాను. "మమ్మీ చనిపోయింది. నాకు తెలుసు."

ఆ మాట నా నోటితో అనడం అదే మొదటిసారి. ఏడు నెలల పది రోజులకు. అన్నాక ఏమైందో సరిగ్గా రాయలేను. గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది, నాదని గుర్తుపట్టలేదు. మంజు భయపడుతుందేమోనని ఆపబోయాను, ఆగలేదు. మంజు భయపడలేదు. స్టూలు దిగి వచ్చి తల తుడిచిన తువ్వాలుతోనే నా మొహం తుడిచింది.

అప్పుడు ఆ రోజు సంగతి చెప్పాను, ఎవరికీ చెప్పనిది. ఫిబ్రవరి పన్నెండున చీరల దుకాణం నుంచి ఫోన్ వచ్చింది, సంగీత కళ్లు తిరిగి పడిపోయిందని. నేను మీటరు ముందు ఉన్నాను. పొద్దున ఏం తినలేదేమో, నీళ్లు తాగించండి, వస్తున్న అన్నాను. చేతిలో ఉన్న టెస్టు పూర్తి చేసి లేచాను. ఇరవై నిమిషాలు. పంజాగుట్ట చేరేసరికి అంబులెన్సులో ఉంది, నేను పిలిస్తే పలకలేదు. ఇరవై నిమిషాల ముందు పలికేదేమో. ఆ కాయిల్ పాసయింది.

మంజు అంతా విన్నది. తర్వాత, "నేను సుత ఆ రోజు లొల్లి చేసిన" అంది. "జడ గట్టిగేసిందని ఇప్పేసిన. మమ్మీ మల్ల ఏసింది. తినకుండ ఉరికింది. లేటయిందని."

ఏడు నెలలుగా దీన్ని అది ఒక్కతే మోసింది.

"జడతోని ఏం కాలేదు బిడ్డా. మెదడుల నరం పగిలింది. డాక్టర్ చెప్పిండు, తిన్నా గట్లనే అయితుండె, ఎవరున్నా ఆగకపోవు అని."

డాక్టరు ఆ మాట చెప్పింది నాకే. అప్పుడు నేను వినలేదు. ఇవాళ దానికి చెబుతుంటే విన్నాను. పూర్తిగా నమ్మానని రాయలేను.

అత్తమ్మ పదకొండింటికి వచ్చింది. తలుపు తెరిచే ఉంది. నేల మీద నేను, నా ఒళ్లో మంజు, సగం తల ఆరి, సగం తల తడి. ఆమె చేతిలో మంజు వస్తువుల కోసం తెచ్చిన ఖాళీ సంచి ఉంది. నా మొహం చూసి గడపలోనే ఆగిపోయింది.

"పంపలేను అత్తమ్మా" అన్నాను. "రోజుకు పదిసార్లు తప్పు చేస్త. కొసలు మంచిగుండయి. అయినా పంపలేను."

ఆమె వచ్చి మా పక్కనే కూలబడింది. నా చేతిలోంచి తువ్వాలు తీసుకుని మంజు ఎడమ వైపు తల తుడవడం మొదలుపెట్టింది.

"నా బిడ్డను మరిసినవనుకున్న దినేశూ" అంది తుడుస్తూనే. "మరిసినోని ఇంట్ల దాని బిడ్డ ఎందుకుండాలె అనుకున్న. కొసలదేముంది, సంగీతయి సుత చిన్నప్పుడు గిట్లనే ఉండె."

తర్వాత ఆమె కూడా ఏడ్చింది. ఆమే లేచి అన్నం వండింది. మంజు రెండుసార్లు పెట్టించుకుంది. నమిలిన కొసలు కోయించమని, కడుపులోకి పోతే మంచిది కాదని అత్తమ్మ చెప్పింది. "సంవత్సరీకం అయినంక కోయిద్దం అమ్మమ్మా" అంది మంజు. సరేనంది.

అత్తమ్మను దింపడానికి మెట్రో స్టేషన్ దాకా ఇద్దరం వెళ్లాం. మూడు గంటల బస్సుకు అత్తమ్మ ఒక్కతే పోయింది. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది.

ఇంటికొచ్చి స్క్రూలు విప్పి మిషన్ జాలీ తుడిచాను. పీచంతా తీశాను. మంజు పక్కన కూర్చుని చూసింది. బిగించాక ప్లగ్గు అదే పెట్టింది. దాని జుట్టు ఎప్పుడో ఆరిపోయింది. రెండు జడలూ అల్లి ఉన్నాయి. ఆరబెట్టడానికి ఇంట్లో ఏదీ లేదు.

మిషన్ వేశాం. గోడ వైపు తిప్పి నేల మీద పెట్టాం. మంజు ముందు మాట్లాడింది. నేను వినలేదు, వినపడలేదు కూడా. అయిపోగానే నా మోచేయి మీద తట్టింది.

"నువ్వు చెప్పు డాడీ. నేను ఇన."

చెవులు రెండూ చేతులతో మూసుకుని అటు తిరిగి కూర్చుంది. నేను సంగీత పేరు పిలిచాను. మిషన్ ఎంతసేపు తిరిగిందో గడియారం చూడలేదు. ఏం చెప్పానో ఇక్కడ రాయను.